చెల్లిపోయిన బిళ్ళకు విలువ ఎలా వచ్చింది?

1841లో లండన్ ‘టైమ్స్’ పత్రికలో ఓ చిత్రమైన ప్రకటన పడింది. ఒక యువతి తన అలంకరణ గది గోడల నిండా వాడేసిన తపాలా బిళ్ళలు అంటించాలని ముచ్చటపడింది. స్నేహితుల సాయంతో అప్పటికే 16,000 పోగుచేసింది. అవీ చాలలేదు. ఎవరింట్లోనైనా పనికిరాకుండా పడివున్న బిళ్ళలుంటే పంపించమని ఆ ప్రకటన సారాంశం. మరుసటి ఏడాది ‘పంచ్’ అనే హాస్య పత్రిక ఇలాంటి ఆడవాళ్ళ మీద ఓ చమత్కారం విసిరింది. ఎనిమిదో హెన్రీ రాజు తన రాణుల తలలు వదిలించుకోవడానికి కూడా ఇంత ఆరాటపడలేదు, వీళ్ళు రాణిగారి తలలు కూడబెట్టడానికి పడుతున్నారని.

స్టాంపుల సేకరణ చరిత్ర రాసేవాళ్ళు చాలామంది ఈ యువతితోనే మొదలుపెడతారు. నిజానికి ఆమె కోరుకున్నది గోడకాగితం. ఒక బిళ్ళకూ మరో బిళ్ళకూ తేడా ఆమెకు అక్కరలేదు, ఎన్ని ఉంటే అంత గోడ నిండుతుంది. ఎవరో ఒకరు రెండు బిళ్ళలు పక్కపక్కన పెట్టి, ఇవి ఒకేలా లేవే అని గమనించిన రోజున అసలు హాబీ పుట్టింది. ఆ తేడాలు అక్కడికి ఎలా వచ్చాయన్నదే ఇందులో రసవత్తరమైన సంగతి. సేకర్తలను సంతోషపెట్టడానికి ఎవరూ వాటిని పెట్టలేదు. చాలామటుకు దొంగల భయంతో పెట్టారు.

పెన్నీకి ఉత్తరం

స్టాంపు రాకముందు బ్రిటన్‌లో ఉత్తరం ఖర్చు సాధారణంగా అందుకున్నవాడి నెత్తినే పడేది. ఎంత దూరం వచ్చింది, ఎన్ని కాగితాలున్నాయి అని లెక్కకట్టి వసూలు చేసేవారు. జనం కూడా తక్కువ తినలేదు. ఒకే కాగితం మీద అడ్డంగా రాసి, దాన్ని తిప్పి ఆ గీతల మీదే నిలువుగా మళ్ళీ రాసేవారు. ముందే అనుకున్న గుర్తులు పైన పెట్టి పంపితే, అవతలివాళ్ళు వాటిని చూసి క్షేమసమాచారం తెలుసుకుని, డబ్బు కట్టకుండా ఉత్తరం తిప్పి పంపేవారు. పార్లమెంటు సభ్యులకేమో ఉచిత తపాలా సౌకర్యం ఉండేది, దాన్ని బంధుమిత్రులంతా వాడుకునేవారు.

రోలండ్ హిల్ తపాలా ఉద్యోగి కాదు, బడిపంతులుగా పనిచేసినవాడు. 1837లో తపాలా సంస్కరణ మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. లండన్ నుంచి ఎడిన్‌బరోకు ఒక ఉత్తరాన్ని మోసుకెళ్ళడానికి అయ్యే ఖర్చు పెన్నీలో 36వ వంతేనని లెక్కతేల్చాడు. డబ్బంతా దూరానికి కాదు, లెక్కలు వేసి వసూలు చేసే తతంగానికి పోతోందన్నాడు. దూరంతో పని లేకుండా ఒకటే రేటు పెట్టి, డబ్బు ముందే కట్టించుకోమని సూచించాడు. కట్టినట్టు సాక్ష్యంగా ఒక చిన్న కాగితం ముక్క, వెనక జిగురు. అదే స్టాంపు.

దీని నమూనా కోసం 1839లో ప్రభుత్వం పోటీ పెడితే సుమారు 2,600 ప్రతిపాదనలు వచ్చాయి. 1840 జనవరి 10న పెన్నీ తపాలా మొదలైంది. మే 1న పెన్నీ బ్లాక్ అమ్మకానికి వచ్చింది, మే 6 నుంచి చెల్లుబాటైంది. 1839లో సుమారు 7.6 కోట్లున్న ఉత్తరాలు 1840లో దాదాపు 17 కోట్లకు చేరాయి.

ఇప్పుడు ఆ పెన్నీ బ్లాక్‌ను దగ్గరగా చూడండి. విక్టోరియా రాణి ముఖమే ఎందుకు? తెలిసిన ముఖంలో గీత కాస్త తేడాపడినా కన్ను ఇట్టే పట్టేస్తుంది, అలా నకిలీ దొరికిపోతుందని. ముఖం వెనక యంత్రంతో చెక్కిన సన్నటి అల్లిక ఎందుకు? చేత్తో దాన్ని అనుకరించడం కష్టమని. వెలుతురుకు ఎత్తిపడితే కాగితంలో కనిపించే చిన్న కిరీటం వాటర్‌మార్కు కూడా అందుకే. కింది రెండు మూలల్లో రెండు అక్షరాలుంటాయి. ఒక షీటులో 240 స్టాంపులు, పాత లెక్కన పౌనుకు 240 పెన్నీలు కదా. మొదటిదాని మీద ఎ-ఎ, చివరిదాని మీద టి-ఎల్. ఏ రెండిటి మీదా ఒకే జత ఉండదు. నకిలీ చేసేవాడు ఒక్క అచ్చుతో సరిపెట్టుకోకుండా 240 రకాలూ చెయ్యాల్సివస్తుందని ఆ ఏర్పాటు.

ఇంత చేసినా ఒక కన్నం మిగిలిపోయింది. నల్ల స్టాంపు మీద ఎర్ర సిరాతో ముద్ర కొట్టేవారు. జనం ఆ ఎరుపును తుడిచేసి అదే స్టాంపును మళ్ళీ వాడటం మొదలుపెట్టారు. దాంతో 1841 ఫిబ్రవరిలో రంగులు తారుమారయ్యాయి. స్టాంపు ఎరుపైంది, ముద్ర నలుపైంది. ఏడాది కూడా నిండకుండానే పెన్నీ బ్లాక్ శకం ముగిసింది. అయితే అప్పటికే 6.8 కోట్లకు పైగా అచ్చయ్యాయి కాబట్టి ప్రపంచపు తొలి స్టాంపు అందరూ అనుకున్నంత అరుదు కాదు.

గోడ మీంచి ఆల్బంలోకి

తేడాలు వెతికే కన్ను మొదట అలవడినవారిలో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఒకడు. బ్రిటిష్ మ్యూజియంలో జంతుశాస్త్రవేత్త. జీవులను జాతులుగా, ఉపజాతులుగా విడదీయడం ఆయన రోజువారీ పని. పెన్నీ బ్లాక్ అమ్మకానికి వచ్చిన రోజే కొన్ని కొని దాచుకున్నాడని చెబుతారు. 1862లో సేకర్తల కోసం ఒక కేటలాగు ప్రచురించాడు. పారిస్‌లో ఆల్ఫ్రెడ్ పొతికే అప్పటికే ఒక ఏడాది ముందు తన కేటలాగు వేశాడు. ఏ దేశపు స్టాంపు ఎక్కడ అంటించాలో గళ్ళు గీసి చూపించే అచ్చు ఆల్బం జస్టిన్ లలియే 1862లో తెచ్చాడు. ఖాళీ గడి కనిపించాక ఇంకేముంది, నింపేదాకా నిద్రపట్టదు. పారిస్ తోటల్లో పిల్లలు, పెద్దలు చేరి స్టాంపులు మార్చుకునేవారు. షాంజెలీజె పక్కన మారిన్యీ కూడలిలో స్టాంపుల సంత ఈనాటికీ జరుగుతోంది.

ప్లిమత్ రేవులో ఓ కుర్రాడు 1856లో తండ్రి మందుల దుకాణంలోనే ఒక మూల స్టాంపులు అమ్మడం మొదలుపెట్టాడు. అతని పేరు స్టాన్లీ గిబ్బన్స్. 1863లో ఇద్దరు నావికులు కేప్ ఆఫ్ గుడ్‌హోప్ త్రికోణపు స్టాంపులు సంచీడు తెస్తే 5 పౌన్లకు కొన్నాడు. తర్వాత అవి అమ్మి దానికి ఎన్నో రెట్లు సంపాదించాడు. అతని పేరుతో వచ్చే కేటలాగు నేటికీ సేకర్తల చేతి పుస్తకం.

ఇక చిల్లుల సంగతి. మొదట్లో స్టాంపులను కత్తెరతో కత్తిరించేవారు. చింపుకోవడానికి వీలుగా వరసలమధ్య చిల్లులు వేసే యంత్రం ఆలోచన హెన్రీ ఆర్చర్‌ది. 1854 నాటికి బ్రిటన్‌లో చిల్లుల స్టాంపులు మామూలయ్యాయి. కౌంటరు దగ్గర పని తేలిక చెయ్యడానికి పుట్టిన ఆ చిల్లుల్లో సేకర్తకు మరో లోకం దొరికింది. జాక్ లెగ్రాండ్ అనే ఫ్రెంచ్ వైద్యుడు 1866లో వాటిని కొలిచే పట్టీ తయారుచేశాడు. 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయన్నదే ఆ కొలత. అదే బొమ్మ, అదే రంగు, అదే ధర. చిల్లుల లెక్క ఒక్కటి మారితే స్టాంపు వేరు, విలువ వేరు.

పెన్నీ బ్లాక్ మూలల అక్షరాలతోనూ సేకర్తలు తమాషా చేశారు. విడివిడిగా దొరికినవాటిని ఎ-ఎ నుంచి టి-ఎల్ దాకా పేర్చి షీటును తిరిగి కట్టారు. అక్షరం ఎక్కడ కాస్త పక్కకు ఒరిగింది, గీత ఎక్కడ చెదిరింది అని చూసి, ఏ స్టాంపు ఏ అచ్చు పలక నుంచి వచ్చిందో తేల్చారు. దొంగను పట్టడానికి పెట్టిన గుర్తులు ఇలా దాచుకునేవాడికి ఆటవస్తువులయ్యాయి.

సింధు నుంచి చార్మినార్ దాకా

ఆసియాలో మొదటి స్టాంపులు మన ఉపఖండంలోనే పుట్టాయి. 1852 జూలై 1న సింధు కమిషనర్ బార్టిల్ ఫ్రియర్ ‘సిందే డాక్’ స్టాంపులు తెచ్చాడు. అర్ధణా ధర, ఈస్టిండియా కంపెనీ ముద్ర. ఎరుపు రకాన్ని లక్కలాంటి పెళుసు బిళ్ళ మీద ఒత్తారు. అది ఊరికే విరిగిపోయేది, అందుకే ఇప్పుడు ముక్క చెక్కలు కాకుండా దొరికితే భాగ్యమే.

1854 అక్టోబరు 1 నుంచి దేశమంతటికీ ఒకే తపాలా రేటు వచ్చింది. పావు తులం ఉత్తరం అర్ధణాకు ఎక్కడికైనా వెళ్ళేది. ఆ స్టాంపులను కలకత్తాలో సర్వే శాఖ వాళ్ళు, కెప్టెన్ థులియర్ ఆధ్వర్యంలో, రాతి అచ్చు మీద ముద్రించారు. నాలుగణాల బిళ్ళకు రెండు రంగులు కావాలి. చట్రం ఒకసారి ఎరుపులో, రాణి తల మరోసారి నీలంలో అచ్చువెయ్యాలి. ఎవరో కాగితాన్ని తలకిందులుగా పెట్టారు. రాణి తలకిందులైంది. ‘ఇన్వర్టెడ్ హెడ్’గా పేరుపడిన ఆ తప్పు భారతదేశపు స్టాంపుల్లో అత్యంత ప్రసిద్ధమైనది.

హైదరాబాదు సంస్థానానికి 1869 నుంచి సొంత స్టాంపులున్నాయి. 1870ల నాటి నిజాం బిళ్ళల మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలూ కనిపిస్తాయి. పలు భాషల ప్రజలుండే రాజ్యంలో బిళ్ళ ధర ఎంతో అందరికీ తెలియాలి కదా. 1931లో బొమ్మల స్టాంపులు వచ్చాయి. ఒకణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్. ఎనిమిదణాలకు అజంతా గుహల ద్వారం, పన్నెండణాలకు బీదర్ మదర్సా, రూపాయికి దౌలతాబాద్ మినార్. వీటిలో మూడు ఇప్పుడు రెండు వేరే రాష్ట్రాల్లో ఉన్నాయి. రాజ్యం పోయినా దాని ఎల్లలు ఆ ఆరు బిళ్ళల్లో మిగిలాయి.

గుమస్తా సంతకం, దొంగ నిజాయితీ

నకిలీల భయం ఎంత దూరం వెళ్ళిందో చెప్పే కథ బ్రిటిష్ గయానాది. 1856లో ఇంగ్లండు నుంచి రావలసిన స్టాంపులు రాలేదు. పోస్టుమాస్టరు స్థానిక పత్రిక అచ్చువాళ్ళ చేత తాత్కాలికంగా వేయించాడు. ముద్రణ నాసిగా ఉండటంతో ఎవరైనా దొంగవి వేస్తారేమోనని, అమ్మేముందు ప్రతి బిళ్ళ మీదా గుమస్తాల చేత పొడి సంతకం పెట్టించారు. వాటిలో ఒక సెంటు మజెంటా రంగుది ఒక్కటే ఇప్పుడు లోకానికి తెలుసు. 1873లో పన్నెండేళ్ళ లూయీ వాన్ అది తన బంధువుల పాత కాగితాల్లో దొరికితే 6 షిల్లింగులకు అమ్మేశాడు. 2014లో దాని వేలం ధర 94.8 లక్షల డాలర్లు. మూలలు కత్తిరించివుంది, మాసిపోయింది, బొమ్మ సరిగా కనిపించదు. ఆ గుమస్తా పొడి సంతకం మాత్రం నిలిచివుంది.

దీనికి సరిగ్గా ఎదురు కథ జాన్ ద స్పెరాతిది. ఫ్రాన్స్‌లో ఉంటూ అరుదైన స్టాంపులకు నకిలీలు తయారుచేసేవాడు. చవక రకపు అసలు స్టాంపు తీసుకుని, రసాయనాలతో దాని అచ్చు చెరిపేసి, అదే కాగితం మీద ఖరీదైన రకం ముద్రించేవాడు. కాగితం అసలుదే, వాటర్‌మార్కు అసలుదే, చిల్లులు అసలువే. 1942లో అతను పోర్చుగల్‌కు పంపిన స్టాంపులను ఫ్రెంచ్ కస్టమ్స్ పట్టుకుంది. విలువైన వస్తువులు దేశం దాటిస్తున్నావని కేసు పెట్టింది. అవి నేను చేసిన నకిలీలు బాబూ అని అతను మొత్తుకున్నాడు. నిపుణులను పిలిపిస్తే అసలువేనని తేల్చారు! తన దొంగతనాన్ని రుజువు చేసుకోవడానికి ఒక దొంగ కోర్టులో ఇన్ని పాట్లు పడటం మరెక్కడా విని ఉండం. చివరికి 1954లో బ్రిటిష్ సేకర్తల సంఘమే అతని సరుకంతా కొనేసి అతని చేత ఆ పని మాన్పించింది. స్పెరాతి నకిలీలనే ప్రత్యేకంగా సేకరించేవాళ్ళు ఇప్పుడున్నారు.

శాఖే దుకాణం తెరిస్తే

అమ్మిన స్టాంపు ఉత్తరం మీదికి ఎక్కకపోతే తపాలా శాఖకు అంతా లాభమే. డబ్బు వచ్చింది, మోసే పని తప్పింది. ఈ కిటుకు తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1890 ప్రాంతంలో నికొలస్ సీబెక్ అనే అమెరికా వ్యాపారి కొన్ని లాటిన్ అమెరికా దేశాలతో ఒప్పందం చేసుకున్నాడు. ఏటా కొత్త స్టాంపులు ఉచితంగా అచ్చువేసి ఇస్తాడు, ఏడాది చివర మిగిలినవి అతనివి, సేకర్తలకు అమ్ముకుంటాడు. ఒళ్ళుమండిన సేకర్తలు 1895లో ఇలాంటి స్టాంపులను వెలివెయ్యడానికి లండన్‌లో ఒక సంఘమే పెట్టారు.

1960లు, 70లలో అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ కువైన్ వంటి గల్ఫ్ ఎమిరేట్ల పేరుతో పెద్దపెద్ద రంగుల స్టాంపులు గుట్టలుగా వచ్చాయి. పులులు, అంతరిక్ష నౌకలు, ఒలింపిక్ ఆటలు. ఉత్తరం ముఖం చూడకుండానే అచ్చు దగ్గరే ముద్ర కొట్టించుకుని పొట్లాల్లో కట్టి మన బడి పిల్లల చేతికొచ్చేవి. భూటాన్ ఇంకో అడుగు వేసి, గ్రామఫోను మీద పెడితే పాడే స్టాంపులు తెచ్చింది. మన తపాలా శాఖ 2006లో గంధపు వాసన స్టాంపు, 2011లో గాంధీ బొమ్మతో ఖాదీ గుడ్డ స్టాంపు విడుదల చేసింది. అదే ఏడాది, మన ఫొటోతో అచ్చువేసి ఇచ్చే ‘మై స్టాంప్’ మొదలైంది.

వీటిని చిన్నచూపు చూడనక్కరలేదు. వేమన (1972), కందుకూరి వీరేశలింగం (1974), అల్లూరి సీతారామరాజు (1986) స్టాంపులు ఎందరో పిల్లలకు చరిత్ర మీద ఆసక్తి రేపాయి. కానీ సేకర్త కోసమే తయారైన బిళ్ళలో వెతకడానికి ఏముంటుంది? తయారుచేసినవాడు ఏది చూపించాలనుకున్నాడో అదే ఉంటుంది. తలకిందులైన రాణిలో, గుమస్తా సంతకంలో ఉన్న మజా ఎవరూ ఉద్దేశించి పెట్టినది కాదు.

డబ్బు కోసం దిగేవాళ్ళకూ ఒక హెచ్చరిక ఉంది. స్పెయిన్‌లో రెండు కంపెనీలు స్టాంపుల్లో పెట్టుబడి పెడితే ఖాయంగా లాభమని ఊరించాయి. 2006లో వాటి బండారం బయటపడేసరికి లక్షలాది మంది పొదుపు అందులో ఇరుక్కుంది.

ఇకముందు

ఉత్తరాలు తగ్గిపోయాయి, ఈ హాబీ కూడా పోయినట్టే అనేవారున్నారు. పరిస్థితి తీసిపారేసేదేమీ కాదు. డెన్మార్క్ ప్రభుత్వ తపాలా సంస్థ 2025 చివరితో ఉత్తరాల పంపిణీకి స్వస్తి పలికింది. మన పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు కవరు మీద ఇప్పుడు కంప్యూటరు చీటీ అంటుతుంది, స్టాంపు కాదు. కవరు కొసను చెంబు నీళ్ళలో నానబెట్టి, జారివచ్చిన బిళ్ళను పాత పేపరు మీద బోర్లా ఆరబెట్టే సరదా కూడా చాలా దేశాల కొత్త స్టాంపులతో కుదరదు. వాటి స్టిక్కరు జిగురు నీళ్ళకు లొంగదు.

అయినా పాత కథే మళ్ళీ కొత్తగా నడుస్తోంది. బ్రిటన్ 2022లో మామూలు స్టాంపుల పక్కన బార్‌కోడు పెట్టింది. కోడు లేని ఆ రకం స్టాంపులు 2023 జూలై తర్వాత చెల్లవంది. వాడిన స్టాంపును మళ్ళీ వాడకుండా, నకిలీలు చెలామణీ కాకుండా చూడటం దాని ఉద్దేశాల్లో ఒకటి. 1840లో మూలల అక్షరాలు చేసిన పనే ఇది. పెన్నీ బ్లాక్ మీద 240 రకాలుంటే, ఇప్పుడు ప్రతి స్టాంపూ వేరే. ఆస్ట్రియా 2019లో బ్లాక్‌చెయిన్‌తో ముడిపెట్టిన క్రిప్టో స్టాంపు తెచ్చింది. గయానా మజెంటాను 2021లో కొన్న స్టాన్లీ గిబ్బన్స్ కంపెనీ దాన్ని వాటాలుగా విడదీసి అమ్మింది.

సాధనాలు కొత్తవే, కానీ ఒక తేడా ఉంది. మూలల అక్షరాలను భూతద్దంతో ఎవరైనా చదవొచ్చు. బార్‌కోడు చెప్పే సంగతి సంస్థ కంప్యూటరుకే తెలుసు, ఆ కంప్యూటరు మూతపడితే బిళ్ళ మూగబోతుంది. అందుకే ఇకమీద ఈ హాబీ బిళ్ళ నుంచి కవరు మీదికి జరుగుతుందనిపిస్తుంది. ఇప్పటికే జరుగుతోంది కూడా. ఒక్క స్టాంపును కాకుండా ఉత్తరం చేసిన మొత్తం ప్రయాణాన్ని సేకరించే పద్ధతిని ‘పోస్టల్ హిస్టరీ’ అంటున్నారు. ఎక్కడ వేశారు, ఎంత కట్టారు, ఏ దారిన వచ్చింది, ఎవరు సెన్సారు చేశారు అన్నవన్నీ ముద్రల్లో ఉంటాయి.

ఇందులో మనకు కొదవ లేదు. ఉత్తరాంధ్ర నుంచి రంగూన్ వెళ్ళిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. ఇండియా స్టాంపుల మీదే ‘బర్మా’ అని అచ్చువేసి వాడారు. 1942లో జపాన్ ఆక్రమణ వచ్చాక పాత స్టాంపుల మీద నెమలి బొమ్మ ముద్రించారు. శ్రీకాకుళం జిల్లాలో ఏ ఇంట్లోనైనా రంగూన్ కవర్ల కట్ట ఉంటే, ఆ వలస ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు తెగింది అన్నది తేదీలతో సహా దొరుకుతుంది. హైదరాబాదు సంస్థానపు తపాలా 1950లో భారత తపాలాలో కలిసింది. ఆ సంధికాలపు తెలంగాణ ఉత్తరాలూ అంతే. మూతపడిన పల్లె పోస్టాఫీసు పేరు అక్కడి ముద్రలో తప్ప మరోచోట దొరకకపోవచ్చు.

ఈ సేకరణకు పెద్ద డబ్బు అక్కరలేదు. ఒక స్టాకు బుక్కు, మొనలు చదునైన పట్టకారు, ఒక భూతద్దం, కాస్త ఓపిక చాలు. కొత్త విడుదలలు కావాలంటే పెద్ద ఊళ్ళ హెడ్ పోస్టాఫీసుల్లో ఫిలాటెలిక్ బ్యూరోలున్నాయి. పాతవి కావాలంటే ముందు సొంత అటక మీద చూడండి. తాతగారి ట్రంకుపెట్టెలో కవర్లు దొరికితే మాత్రం స్టాంపు కోసం వాటి మూల చింపకండి. ముద్రతో సహా కవరు మొత్తం ఉంచండి. బిళ్ళ ఒక్కటైతే కేటలాగులో దొరికే రకమే, కవరుతో కలిస్తే మీ ఇంటిది తప్ప మరెక్కడా లేని ప్రతి.